కోడ్ వైర్‌ది, గాయం వేలిది

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము సెకండ్‌హ్యాండ్ పొక్లెయిన్ కొన్నాం. పంప్ ప్రెషర్ సెన్సర్ కోడ్ పదేపదే వస్తోంది. దాని చివర ఎఫ్ఎంఐ (లోపం ఏ రకమో చెప్పే అంకె) 4 అని చూపిస్తోంది. ఆయిల్ ఎక్కడైనా లీకవుతోందేమోనని మా తమ్ముడు (32) ఇంజన్ నడుస్తుండగానే హోస్ పైపు వెంట చేత్తో తడిమాడు. చూపుడువేలికి చురుక్కుమంది. చూస్తే సూది గుచ్చినంత చిల్లు, రక్తం కూడా రాలేదు. ఊళ్లో ఆర్ఎంపీ టీటీ ఇంజెక్షన్ చేసి, నొప్పి మాత్రలిచ్చి పంపాడు. తెల్లారేసరికి వేలు ఉబ్బి నల్లబడింది. పెద్దాసుపత్రిలో అరచేతి దాకా కోసి శుభ్రం చేశారు. అంత చిన్న చిల్లుకి ఇంత కోత అవసరమా? వేలు మళ్లీ వంగుతుందా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: అవసరమే. ఇరవై టన్నుల యంత్రంలో హైడ్రాలిక్ ఆయిల్ 350 బార్ దరిదాపుల్లో పరుగెత్తుతుంది. చర్మాన్ని చీల్చడానికి 7 బార్ చాలు. సన్నటి పగులులోంచి చిమ్మిన ఆయిల్ చర్మం కిందికి దూరి, స్నాయువుల తొడుగుల వెంట క్షణంలో అరచేతి దాకా పాకుతుంది. ఒకవైపు వాపు పెరిగి రక్తనాళాలు నొక్కుకుపోతాయి, మరోవైపు ఆయిల్ కండను లోలోపలే పాడుచేస్తుంది. మొదటి కొన్ని గంటలు నొప్పి పెద్దగా ఉండదు. ఆర్ఎంపీయే కాదు, క్యాజువాల్టీలో కొత్తగా చేరిన డాక్టర్లు కూడా ఆ చిల్లు సైజు చూసి మోసపోతారు.

ఇలాంటి గాయాన్ని ఆరు గంటల్లోపు తెరిచి కడిగితే వేలు దక్కే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ వేలు తీసేయాల్సి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మీ తమ్ముడి విషయంలో ఒక రాత్రి గడిచిపోయింది కాబట్టి పూర్తిగా వంగుతుందని ఇప్పుడే హామీ ఇవ్వలేను. గాయాన్ని కుట్టకుండా వదిలితే కంగారు పడకండి. లోపల మిగిలిన ఆయిల్, చచ్చిన కండ మళ్లీ మళ్లీ తీయాల్సి రావచ్చు. సర్జన్ సరేనన్న రోజు నుంచే ఫిజియోథెరపీ మొదలుపెట్టండి. నొప్పికి భయపడి వేలిని కదపకుండా ఉంచితే అది అలాగే బిగుసుకుపోతుంది.

మీ షెడ్డులో పనిచేసే వాళ్లందరికీ చెప్పండి: ఇలా జరిగితే చిల్లుని పిండకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, ఐస్ పెట్టకూడదు. ఏమీ తినకుండా, తాగకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ‘హై ప్రెషర్ ఆయిల్ లోపలికి వెళ్లింది’ అని ఆ మాటల్లోనే చెప్పాలి. ఆయిల్ డబ్బా మీద లేబుల్ ఫొటో, గాయమైన టైమ్ చూపించాలి. వేలి మొదట్లో మత్తు సూది వేయబోతే ఒక్కసారి గుర్తుచేయండి, అది లోపలి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. చేతి గ్లౌజులు ఈ ధారను ఆపలేవు. లీకు వెతకాలంటే దూరం నుంచి అట్టముక్క అడ్డం పెట్టి చూడటమే పద్ధతి. ఇంజన్ ఆపినా పైలట్ లైన్‌లోని అక్యుములేటర్‌లో ప్రెషర్ నిలిచే ఉంటుంది. బకెట్ నేలకు దించి, ఇంజన్ ఆపాక కీ ఆన్‌లో పెట్టి లివర్లు నాలుగైదుసార్లు కదిపితే గానీ అది దిగదు.

ఇక నా పరిధి దాటి ఒక మాట. నా దగ్గరికి బీపీ చూపించుకోవడానికి వచ్చే మెకానిక్‌లు నాకు నేర్పిన పాఠమిది. ఎఫ్ఎంఐ 3 అంటే వోల్టేజి ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు తక్కువ, అంటే ఎక్కడో వైరు తెగినట్టు. ఈ మూడూ కరెంటు తగాదాలే. ఆయిల్ ప్రెషర్ నిజంగానే పడిపోతే సాధారణంగా 1 వస్తుంది. మీ యంత్రం 4 చూపిస్తున్నప్పుడు ముందు చూడాల్సింది వైరింగ్, సెన్సర్. హోస్ పైపుతో పని లేదు. ఇంజన్ ఆపి, సెన్సర్ ప్లగ్ పీకి, మళ్లీ కీ ఆన్ చేసి చూడమంటారు వాళ్లు. కోడ్ 4 నుంచి 3కో 5కో మారితే వైరింగ్ బాగున్నట్టే, సెన్సర్ పోయింది. మారకుండా 4లోనే ఉంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. అన్ని సర్క్యూట్లకీ ఇది వర్తించదు కాబట్టి కంపెనీ మాన్యువల్‌తో సరిచూసుకోవాలి. పాత యంత్రాల్లో ప్లగ్గులో నీరు చేరి పిన్నులు పచ్చబారడం, ఎలుకలు కొరకడం, పాత ఓనరు టేపు చుట్టి అతికించిన జాయింట్లు, ఇవే ఎక్కువ.

ప్రశ్న: వర్షం పడుతోందని షెడ్డు షట్టర్ దించి, పొక్లెయిన్ ఇంజన్ ఐడిల్‌లో ఉంచి కోడ్ మళ్లీ వస్తుందేమో చూస్తున్నాం. కరెంటు పోతే చిన్న పెట్రోలు జనరేటర్ కూడా లోపలే పెట్టుకున్నాం. గంటకల్లా ముగ్గురికీ తలనొప్పి, ఒకరికి వాంతి. వేలికి ఆక్సిమీటర్ పెడితే 98 చూపించింది. గ్యాస్ ట్రబుల్ అనుకోవచ్చా?
– కరీంనగర్

జవాబు: ముగ్గురికీ ఒకేసారి గ్యాస్ ట్రబుల్ రాదండీ. ఇది కార్బన్ మోనాక్సైడ్ లక్షణం. నా అనుమానం ముఖ్యంగా ఆ జనరేటర్ మీదే, డీజిల్ కంటే పెట్రోలు ఇంజన్ దీన్ని చాలా ఎక్కువ వదులుతుంది. ఆక్సిమీటర్ వేలిలోంచి రెండు రకాల కాంతి పంపి లెక్క కడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం, ఆక్సిజన్ పట్టిన రక్తం దానికి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకే మనిషి పడిపోతున్నా 98 అంటుంది. దాన్ని నమ్మి ఇంట్లో పడుకోబెట్టిన కేసులు నేను చూశాను, నాకు కోపం తెప్పించేది ఆ అంకె మీద మనకున్న నమ్మకమే. కో-ఆక్సిమీటర్ ఉన్న ల్యాబ్‌లో రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది.

ఇలా అనిపిస్తే ముందు అందరూ బయటికి రావాలి, తర్వాత 108కి ఫోన్. మామూలు గాలిలో ఈ విషం సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. గుండెజబ్బు ఉన్నవాళ్లని, గర్భిణుల్ని తగ్గినట్టు అనిపించినా తీసుకెళ్లాలి. డీజిల్ పొగలో నైట్రోజన్ డయాక్సైడ్ కూడా ఉంటుంది. ఆ రాత్రి దగ్గు, ఆయాసం మొదలైతే తెల్లారేదాకా ఆగవద్దు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. షట్టర్ ఎత్తండి, జనరేటర్‌ని కిటికీలకు కూడా దూరంగా బయట పెట్టండి. షట్టర్ ఎత్తితే తడిసేది మనుషులే కదా.

ప్రశ్న: పొక్లెయిన్‌లో 24 వోల్టులే కదా, సెన్సర్ వైర్లు చూసేటప్పుడు షాక్ కొడుతుందా? చేతికి రాగి కడియం, ఉంగరం ఉన్నాయి.
– విజయవాడ ఆటోనగర్

జవాబు: పొడి చర్మానికి 24 వోల్టులు ప్రాణం తీసేంత షాక్ ఇవ్వవు. భయం కడియం, ఉంగరంతోనే. స్పానర్ బ్యాటరీ టెర్మినల్‌కీ ఉంగరానికీ మధ్య తగిలి, ఉంగరం యంత్రం బాడీకి ఆనిందంటే వందల ఆంపియర్లు అందులోంచే పోతాయి. లోహం ఎర్రగా కాలి వేలి చుట్టూ ఎముక దాకా కాలుస్తుంది. పనికి ముందు రెండూ తీసేయండి, బ్యాటరీ నెగటివ్ ముందుగా విప్పండి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి, ఇంకు, టూత్‌పేస్టు పూయకండి. వాపు రాకముందే ఉంగరం తీయాలి, అది ఊడిరాకపోతే ఆసుపత్రిలో కట్టర్‌తో కోసి తీస్తారు.