మడమల పగుళ్ళు: కారణములు, చికిత్స, నివారణ

ఏటేట ఈ సంచికలో పిల్లల చదువును గూర్చియో, నడవడిని గూర్చియో వ్రాయుట మా అలవాటు. ఈ పర్యాయము మీ పాదములను గూర్చి వ్రాయుచున్నాము. దీనికొక కారణము కలదు.

గత శీతకాలమున తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట వరండా బండలపై చిన్న చిన్న నెత్తుటి మరకలు కనబడినవి. ఎవరైన పిల్లలకు దెబ్బ తగిలినదేమో యని వెదకితిమి. అవి ఒక తల్లి మడమ నుండి కారినవి. పగులు లోతుగా విచ్చియున్నను ఆ సంగతి ఆమెకే తెలియదు. చూపించినప్పుడు, “నొప్పేం లేదు సార్, చలికాలమొస్తే ఎప్పుడూ గిట్లనే పలుగుతయి” అని నవ్వినది. అంతటి పగులునకు నొప్పి లేకపోవుటయే మమ్ము కలవరపెట్టినది. బలవంతముగా వైద్యునొద్దకు పంపితిమి. రక్తములో చక్కెర ఎక్కువగా ఉన్నదనియు, పాదములలో స్పర్శ తగ్గినదనియు అప్పుడు తెలిసినది. చికిత్స ఆరంభించిన కొన్ని వారములకు పగులు మానినది. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాము.

మగ్గమునే నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి వచ్చి శోలాపురమున స్థిరపడిన మన కుటుంబములలో మడమల పగుళ్ళు లేని ఇల్లు అరుదు. అందుచేతనే వాటిని ఎవరును పట్టించుకొనరు. పట్టించుకొనవలె నని చెప్పుటయే ఈ పాఠము.

మడమ ఏల పగులును?

శరీరమున అరచేతులలోను అరికాళ్ళలోను చర్మము మిక్కిలి మందముగా ఉండును. తక్కిన చోట్ల చర్మమును మెత్తగా ఉంచు నూనె గ్రంథులు కలవు. అరికాలిలో అవి లేవు. చెమట గ్రంథులు మాత్రమే యున్నవి. కావున మడమ మెత్తగా ఉండుటకు చర్మములోని తేమయే ఆధారము. తేమ ఆరినచో పైపొర గట్టిపడి బెరడువలె నగును.

మడమ క్రింద కొవ్వుతో కూడిన మెత్త యొకటి కలదు. మనము నిలుచున్నప్పుడు దేహభారమునకు అది ప్రక్కలకు పరచుకొనును. చర్మము మెత్తగా ఉన్నచో దానితోపాటు సాగును. గట్టిపడిన చర్మము సాగజాలక, ఎండిన చెరువు నేలవలె నెర్రెలు విచ్చును. వెనుక పట్టీ లేని చెప్పులు తొడిగినప్పుడు మడమకు ఆనిక లేక ఈ బాధ హెచ్చును.

మన ఊరి గాలి పొడిది. మరమగ్గముల యొద్ద పురుషులు బండలపై పూటంతయు నిలువబడుదురు. బీడీలు చుట్టు స్త్రీలు గంటల కొలది నేలపై కూర్చుండుటచే పాదములు బండకు ఒరయుచుండును. సబ్బు నీటిలో నిలిచి బట్టలు ఉతుకుట, మిక్కిలి వేడి నీళ్ళ స్నానము చర్మమును ఇంకను ఎండించును. దేహము బరువెక్కుటయు, వయస్సు పైబడుటయు కారణములే. చక్కెర వ్యాధి, థైరాయిడ్ గ్రంథి మాంద్యము, సోరియాసిస్, తామర జాతి శిలీంధ్ర వ్యాధులు గూడ కొందరిలో మూలముగా ఉండును.

ఇంట చేయవలసిన చికిత్స

రాత్రి పరుండబోవు ముందు గోరువెచ్చని నీటిలో పాదములను పది నిమిషములు ఉంచవలెను. చక్కెర వ్యాధి గలవారును, పాదములలో స్పర్శ తగ్గినవారును నానబెట్టరాదు, కడుగుకొనిన చాలును. నీటి వేడిని పాదముతో గాక మోచేతితో చూడవలెను. స్పర్శ తగ్గిన పాదమునకు వేడి తెలియక కాలిన సందర్భములు కలవు.

తరువాత గరుకు రాతితో గట్టిపడిన చోట మెల్లగా రుద్దవలెను. ఒక్కనాటిలోనే తీసివేయ యత్నింపక, దినమునకు కొంచెముగా తీయవలెను. విచ్చిన పగులుపై రుద్దరాదు. చక్కెర వ్యాధి గలవారు ఈ పని తామై చేయక వైద్యుని అడుగవలెను.

పాదమును మెత్తని గుడ్డతో అద్ది, చర్మములో తేమ యుండగనే పూత పూయవలెను. ముఖ్యమైన మర్మ మిదియే. పెట్రోలియం జెల్లీ గాని కొబ్బరి నూనె గాని నీటిని పుట్టింపవు. ఉన్న నీటిని పోనీయక మూతవలె కాపాడును. ఎండిన మడమపై పూసిన దానికంటె తడి మడమపై పూసినది ఎక్కువ మేలు చేయుట ఇందుచేతనే. పూసిన పిమ్మట నూలు మేజోళ్ళు తొడుగుకొని నిద్రింపవలెను. వ్రేళ్ళ సందులను మాత్రము పొడిగా తుడువవలెను, అచ్చట పూయరాదు.

చర్మము మిక్కిలి మందముగా ఉన్నచో మందుల దుకాణములలో దొరకు యూరియా క్రీము మంచిది. సామాన్యమైన పొడితనమునకు 10 శాతము, గట్టిపడిన చర్మమునకు 20 నుండి 25 శాతము యూరియా గల క్రీము వాడుదురు. విచ్చిన పగులుపై పూసిన మండును; పగులు మూసికొనువరకు అచ్చట పెట్రోలియం జెల్లీయే మేలు. పొలములో చల్లు యూరియాను నీట కలిపి పూయరాదని వేరుగ చెప్పవలసియున్నది.

చేయరాని పనులు

బ్లేడుతో గాని కత్తితో గాని చర్మమును కోయరాదు. కరిగించిన వేడి మైనమును పగుళ్ళలో పోయరాదు. చెప్పులు అతికించు జిగురును, కిరసనాయిలును పూయరాదు. ఆనెలను కరిగించు ఆమ్లపు పట్టీలను చక్కెర వ్యాధి గలవారు అంటించుకొనరాదు. పసుపు మన ఆచారము. అయినను పొడిగా అద్దిన పసుపు తేమను నిలుపజాలదు.

వైద్యుని ఎప్పుడు చూడవలెను?

పగులు చుట్టును ఎఱ్ఱబడి వాచినను, వేడిగా నున్నను, చీము పట్టినను, జ్వరము వచ్చినను జాగు చేయరాదు. రెండు మూడు వారములు శ్రద్ధగా పూసినను తగ్గనిచో చూపించుకొనవలెను. చక్కెర వ్యాధి గలవారు చిన్న పగులునైనను మొదటి దినముననే చూపించుకొనవలెను. మట్టి చేరిన లోతైన పగులు నుండి ధనుర్వాతము రావచ్చును గనుక టీకా సంగతి వైద్యుని అడుగవలెను. పిల్లలకు 10వ ఏటను 16వ ఏటను వేయు టి.డి. సూదిని తప్పింపకుడు.

అన్నింటికంటె ముఖ్యమైనది నొప్పి లేని పగులు. నొప్పి మనకు కావలివాడు. వాడు నిద్రించిన ఇంట దొంగ పడిన సంగతి తెలియదు. పాదములు తిమ్మిరెక్కుట, నడచుచుండగా చెప్పు జారిపోయినను తెలియకుండుట వంటివి కనబడిన రక్తపరీక్ష చేయించుకొనుడు. వైద్యులు సన్నని నైలాను పోగును అరికాలికి తాకించి స్పర్శను పరీక్షింతురు. నూలు పోగును వ్రేలికొసలతో గుర్తుపట్టు మనవారికి ఈ పరీక్ష తేలికగా అర్థమగును.

ఇచ్చట మన కొక చిక్కు కలదు. మన ఇండ్లలోని పెద్ద స్త్రీలలో చాలమందికి మరాఠీలో బేరమాడుట వచ్చును గాని దేహబాధను విడమరచి చెప్పుట రాదు. “కాలు బాగాలేదు” అని మాత్రము చెప్పి, మాత్రలు తీసికొని వచ్చెదరు. పగుళ్ళను మరాఠీలో ‘భేగా’ యందురు. తిమ్మిరి యెక్కుటను ‘ముంగ్యా యేణే’ యందురు. స్పర్శ లేకుండుటను ‘బధిరపణా’ యందురు. మన పిల్లలు రెండు భాషలును చదువుచున్నారు. వైద్యునొద్దకు పోవునప్పుడు ఇంటి పిల్లను గాని పిల్లవానిని గాని వెంట తీసికొని పొండు. ఆ పనికై ఒక పూట సెలవు అడిగినచో మేము సంతోషముతో ఇత్తుము.

నివారణ

వెనుక మూసియుండి, అడుగు మందముగాను మెత్తగాను ఉన్న చెప్పులు ధరింపుడు. మగ్గము యొద్ద వట్టికాళ్ళతో నిలువక, కాలి క్రింద చాప గాని గోనె గాని పరచుకొనుడు. బట్టలు ఉతికిన పిమ్మట కాళ్ళను మంచి నీటితో కడిగి, తుడిచి, పూత పూయుడు. పగుళ్ళు మానినను రాత్రిపూట పూతను విడువరాదు. విడిచినచో మరల వచ్చును.

కడపటి మనవి. ఆదివారము సాయంకాలము మీ పిల్లలచే మీ అరికాళ్ళను చూపించుకొనుడు. తల్లిదండ్రుల కాళ్ళు పట్టుట మన పిల్లలకు క్రొత్త గాదు. ఇకమీదట చూచుట గూడ నేర్చుకొందురు. ఒంటరిగా నున్నవారు నేలపై అద్దముంచి చూచుకొనవచ్చును. ఇది అయిదు నిమిషముల పని. వచ్చు శీతకాలపు సమావేశమునకు మీరందరు మానిన మడమలతో రావలెనని కోరుచున్నాము.