వాషింగ్ మెషీన్ కింద ఏ ప్యాడ్లు వేయాలి?

ప్రశ్న: మా ఫ్రంట్ లోడ్ మెషీన్ స్పిన్‌లో ఊగిపోతోంది. రబ్బరు ప్యాడ్లు వేస్తే చాలా? అవే స్పీకర్ల కిందా వాడొచ్చా?

జవాబు: ముందు మెషీన్ వెనక చూడండి. రవాణా కోసం బిగించిన బోల్టులు తీయకుండా వదిలేస్తే ఏ ప్యాడూ ఆ ఊపును ఆపలేదు. తర్వాత పైన స్పిరిట్ లెవెల్ పెట్టి, నాలుగు కాళ్లూ నేలకు ఆనేలా తిప్పి, లాక్‌నట్లు బిగించండి. చాలామటుకు గోల అక్కడే తగ్గుతుంది. స్పిన్‌లో 1200 ఆర్‌పీఎం అంటే డ్రమ్ము సెకనుకు 20 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో కింద మెత్తటి స్పాంజి ఉంటే ఊపు ఇంకా ఎక్కువవుతుంది. జారని గట్టి రబ్బరే మేలు.

స్పీకర్ల సంగతి వేరు. బరువుకు కాస్త అణిగే ప్యాడే అక్కడ పనిచేస్తుంది. మెషీన్ ప్యాడు తేలికపాటి స్పీకర్ కింద చెక్కముక్కతో సమానం. స్పీకర్‌ను తూచి, ప్యాకెట్ మీద రాసిన బరువు పరిమితి చూసి కొనండి.