పేరు మార్చిన చాలునా?
(నిత్యవ్యవహారమున సభ్యభాష – గుణదోష విచారము)

అంగడిలోని తక్కెడను పరీక్షించుటకు సర్కారు అధికారి వచ్చును. అంగడివాని నాలుకను పరీక్షించువాడు అతడే. అందుచేతనే పెద్దలు తూకము కంటె మాటను గూర్చి ఎక్కువ హెచ్చరికలు చేసిరి.

నేటికాలమున ‘పొలిటికల్ కరెక్ట్‌నెస్’ అను ఆంగ్లపదము తరచుగా వినవచ్చుచున్నది. కులము, వృత్తి, అంగలోపము, స్త్రీత్వము మొదలగువానిని బట్టి ఎవరినీ కించపరచని మాటలనే వాడవలెననుట దాని సారము. అమెరికాలో వామపక్షీయులు ఈ పేరును తమలో తాము పరిహాసముగా వాడుకొనుచుండిరి. 1990 ప్రాంతమున విశ్వవిద్యాలయములను గూర్చిన వాదములలో అది విమర్శకుల చేతికి వచ్చినది. 1991 మే నెలలో అధ్యక్షుడు జార్జి బుష్ మిషిగన్ విశ్వవిద్యాలయమున ప్రసంగించుచు, ఈ ధోరణి వాక్స్వాతంత్ర్యమునకు ముప్పని హెచ్చరించెను. నాటినుండి దీనిని కొందరు మర్యాద యందురు, కొందరు నోటికి తాళమందురు. ఇందు మేలెంత, కీడెంత యను విషయమును తెలుగు ఇండ్లలోను అంగళ్లలోను వినబడు మాటలను బట్టియే విచారింపవచ్చును.

శాస్త్రమేమి చెప్పుచున్నది?

పేరు క్రొత్తదైనను విచారము ప్రాచీనమే. పంచసమితులలో ఈర్యాసమితి తరువాత చెప్పబడినది భాషాసమితి. దశవైకాలిక సూత్రమున ఏడవ అధ్యయనమంతయు వాక్యశుద్ధిని గూర్చినదే. ఒంటికన్నువానిని ఒంటికన్నువాడనియు, రోగిని రోగియనియు, దొంగను దొంగయనియు అనరాదని అందు సాధువులకు విధింపబడినది. ఆ మాట నిజమే అయినను నొప్పించును గనుక ఈ నిషేధము. స్త్రీపురుషులను తుచ్ఛమైన సంబోధనలతో పిలువక, పేరుతోగాని గోత్రముతోగాని పిలువవలెననియు అక్కడనే కలదు. ప్రాణులకు పీడ కలిగించు మాట, ఉన్నదానిని గూర్చినదైనను లేనిదానిని గూర్చినదైనను, అసత్యమే యని పూజ్యపాదాచార్యులు సర్వార్థసిద్ధిలో వివరించిరి. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున గృహస్థుని సత్యాణువ్రతమును చెప్పుచు, పరులకు ఆపద తెచ్చు సత్యమును సైతము పలుకరాదనిరి.

తెలుగు వాడుకలోను ఈ సున్నితత్వము కలదు. దీపము ఆరినదనక ‘కొండెక్కిన’దందురు. బియ్యము అయిపోయినవనక ‘నిండుకొన్న’వందురు. సెలవు తీసికొనువాడు ‘పోయెద’ననక ‘పోయివచ్చెద’ననును. హిందీ మాటలాడు వర్తకులు రాత్రి అంగడి మూయుటను ‘దుకాన్ బఢానా’, అనగా అంగడిని పెంచుట, అందురు. వీనిని ఎవరును శాసింపలేదు. వీనివలన ఎవరును మోసపోరు. బియ్యము నిండుకొన్నవని విన్న ఇంటియజమాని సంచి తీసికొని బజారునకు పోవును. మాట మెత్తనైనను విషయము మరుగుపడలేదు. ఈ లక్షణమును గుర్తుంచుకొనవలెను.

సభ్యభాష వలని గుణములు

మొదటి గుణము, తెలియక చేయు హింస ఆగుట. అల్లరిచేసిన పిల్లవానిని, ఆలస్యముగా వచ్చిన గుమాస్తాను ‘వెధవ’ యని తిట్టుట తెలుగువారిలో సర్వసాధారణము. ఆ మాట ‘విధవ’ యను పదమునకు రూపాంతరమే. భర్తను కోల్పోయిన స్త్రీ దుఃఖము తిట్టుగా మారి, ఆ యింటనే యున్న మేనత్త చెవిని దినమునకు పదిమారులు పడుచున్నది. తిట్టినవానికి ఆ తలంపే లేదు. తలంపు లేకపోయినంత మాత్రమున నొప్పి లేకుండునా?

రెండవది సంబోధనలోని న్యాయము. తెలుగున ‘నీవు’, ‘మీరు’ అనియు, ‘వాడు’, ‘అతడు’, ‘ఆయన’, ‘వారు’ అనియు మెట్లు గలవు. అరువదియేండ్ల హమాలీని యజమాని కొడుకైన పదియేండ్ల బాలుడు ‘ఏరా’ యని పిలుచును. ఆ బాలుడే సరకు కొనవచ్చిన వానిని ‘రండి, కూర్చోండి’ అనును. అనగా మర్యాద తెలియక కాదు, డబ్బును చూచి మర్యాద ఇచ్చుచున్నాడు. ‘అన్నా’ యన్నను, ‘పెద్దాయనా’ యన్నను అంగడికి కాసు ఖర్చు లేదు. ఇంటిపనికి వచ్చు ఆమెను ‘పనిది’ యనక పేరుతో పిలుచుటయు ఇట్టిదే.

మూడవది, ఒక సమూహము తనకు తాను కోరుకొన్న పేరును ఇతరులు గౌరవించుట. 1917లో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో, ‘పంచములు’ అను పేరును త్రోసిపుచ్చి ‘ఆది ఆంధ్రులు’ అను పేరును స్వీకరించిరి. ‘అయిదవవారు’ అని లెక్కకు వెలుపల నిలిపిన పేరు పోయి, ఈ నేలకు మొదటివారము అను పేరు వచ్చినది. ఇట్టి మార్పు కేవలము శబ్దము యొక్క మార్పు కాదు.

దోషములు

ఒకరు పెట్టిన పేరు వేరొకరికి ఎల్లప్పుడును నచ్చదు. గాంధీజీ 1930ల ఆరంభమున ‘హరిజన’ శబ్దమును ప్రచారము చేసి, 1933లో ఆ పేరిట వారపత్రికను నడపిరి. ఉద్దేశము మంచిదే. కాని 1938లో బొంబాయి శాసనసభలో అంబేద్కరు పక్షమువారు ఆ పేరును నిరసించి సభనుండి వెడలిరి. 1982లో కేంద్రప్రభుత్వము కులధ్రువపత్రములలో ఆ పదమును వాడవలదని రాష్ట్రములకు తెలిపినది. 2017లో సుప్రీంకోర్టు, అట్టి పదములు అవమానించుటకే వాడబడుచున్నవని వ్యాఖ్యానించినది. భగవంతుని పేరు గల మాట ఎనుబదియైదేండ్లలోపల తిట్టుగా ఎట్లు మారినది? చూచువాని చూపు మారనందున, పాత పేరునకు అంటిన మైల క్రొత్త పేరునకును అంటినది. స్టీవెన్ పింకర్ అను భాషాశాస్త్రజ్ఞుడు 1994లో ఇట్టి మార్పులను ‘ట్రెడ్‌మిల్’ అను నడకయంత్రముతో పోల్చెను. దానిమీద ఎంత నడిచినను ఉన్నచోటనే యుందురు.

క్రొత్త పేరు పెట్టి పని మరచుట రెండవ దోషము. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి ‘వికలాంగులు’ అను మాటకు బదులు ‘దివ్యాంగులు’ అను మాటను సూచించిరి. ఆంధ్రప్రదేశమున ‘విభిన్న ప్రతిభావంతులు’ అను పేరును, తమిళనాట ‘మాట్రుత్తిరనాళి’ అను పేరును వాడుకలోనున్నవి. వికలాంగుల హక్కులకై పాటుపడువారిలో పలువురు ‘దివ్య’ శబ్దమునకు అభ్యంతరము చెప్పిరి. తమకు దివ్యత్వము అక్కరలేదు, దారి కావలెనని వారి వాదము. అంగడి ముందు మూడు మెట్లుండి, చక్రముల కుర్చీ ఎక్కుటకు వాలుదారి లేనప్పుడు, లోపలనుండి ఎంత మంచి పేరుతో ఆహ్వానించినను వచ్చువాడు వీధిలోనే నిలిచిపోవును.

తప్పు లేనిచోట తప్పు పట్టుట మూడవ దోషము. తమిళమున ‘అవళ్ వందాళ్’, కన్నడమున ‘అవళు బందళు’ అని స్త్రీకి వేరు క్రియారూపము గలదు. తెలుగున ‘ఆమె వచ్చినది’, ‘ఆవు వచ్చినది’ అని రెంటికిని ఒకే రూపము. చెన్నపట్టణములోనో బెంగళూరులోనో చదువుకొను తెలుగు పిల్లలు, ఇది స్త్రీకి అవమానము కాదా యని అడుగవచ్చును. ఇది భాష యొక్క కట్టుబాటు. బహువచనమున స్త్రీపురుషుల కిరువురకును ‘వారు వచ్చిరి’ యను రూపమే. మాటలాడువాని తిరస్కారము క్రియారూపమున లేదు. ఎదుటనున్న స్త్రీని ‘అది’ యనుటలో ఉన్నది. వ్యాకరణమును దండించి తిరస్కారమును విడిచిపెట్టుట విచారశీలుల పని కాదు.

నాలుగవది వర్తకులు ప్రత్యేకముగా గమనింపవలసినది. మెత్తని మాట మోసమునకు ముసుగు కావచ్చును. తత్త్వార్థసూత్రము సత్యాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో న్యాసాపహారము ఒకటి. దాచినవాడు మరచి, తాను దాచినదానికంటె తక్కువ అడిగినప్పుడు, అవునని ఒప్పుకొని అంతమాత్రమే ఇచ్చుటను వ్యాఖ్యాతలు దీనికి ఉదాహరణముగా చెప్పిరి. నూరు దాచినవాడు ఎనుబది యని అడుగును. ‘అట్లే, మీరు చెప్పినట్లే’ యని వర్తకుడు వినయముగా లెక్కించి ఇచ్చును. ఆ సంభాషణలో ఒక్క పరుషపదము లేదు. అయినను అది సత్యవ్రతభంగము. పుచ్చు పప్పును ‘రెండవరకము’ అనుటయు, పనిలోనుండి తొలగించుటను ‘విశ్రాంతి ఇచ్చితిమి’ అనుటయు ఈ కోవలోనివే. ఇక్కడ వినువానికి విషయము మరుగుపడినది. బియ్యము నిండుకొన్నవన్న మాటకు దీనికి గల భేదము ఇదియే.

కడపటిది, నియమము ఇతరుల నోటిమీద కఱ్ఱగా మారుట. పల్లెనుండి వచ్చిన వృద్ధుడు పాతమాటను ప్రేమతోనే వాడవచ్చును. అతనిని నలుగురిలో గద్దించినచో మర్యాద పేరిట అమర్యాద జరుగును. మాట తప్పునేమోయను భయముతో పొరుగువానితో మాటలాడుటయే మానివేసినచో నష్టము మరింత పెద్దది. భాషాసమితి ఎవరి నాలుకకు వారు పెట్టుకొను కావలి.

నిర్ణయము

కావున సభ్యభాషను పూర్తిగా మెచ్చుటయు, పూర్తిగా ఎగతాళిచేయుటయు తగదు. ఒక మాటను మెత్తగా మార్చునపుడు, ఆ మెత్తదనము ఎవరికి సుఖమిచ్చుచున్నదని అడుగవలెను. వినువాని గాయమును తప్పించినచో అది అహింస. పలుకువాని బాధ్యతను మాత్రమే తప్పించినచో అది కపటము. క్రొత్తపేరు పెట్టుటకు ముందు, ఆ పేరుగలవారికి అది సమ్మతమో కాదో తెలిసికొనవలెను. పెట్టిన తరువాత, వారికిచ్చు కూలియు, కూర్చుండజేయు చోటును మారినవో లేదో చూచుకొనవలెను.

కుటుంబములలో చర్చింపదగిన ప్రశ్నలు

1. ఇంట వాడుకలోనున్న తిట్లలో, ఇతరుల దుఃఖమునుగాని వృత్తినిగాని కులమునుగాని తిట్టుగా చేసినవి ఏవి?
2. అంగడిలో ‘మీరు’ అని పిలువబడనివారు ఎవరు? అందుకు కారణమేమి?
3. గత మాసమున పలికిన మెత్తని మాటలలో, వినువానికి తెలియవలసిన నిజమును దాచినది ఏదైన కలదా?