పాత నమూనా గిటారు కొనేముందు

గత మార్చిలో దాజీపేట నుండి పవర్‌లూం నడిపే ఒకాయన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో అబ్బాయి గిటారు కొంటాడట. దుకాణంవారు 'వింటేజ్' అని చెప్పి, మామూలు గిటారు కంటే రెండు వేలు ఎక్కువ అడుగుతున్నారట. బ్యాంకులో పనిచేసినవాణ్ణి కదా, బేరం చూడమన్నారు.

విద్యార్థులు ముందుగా గమనించవలసినది, ఈ 'వింటేజ్' గిటారు పాతది కాదు. పాత నమూనాను చూసి ఇప్పుడు చేసినది. అలాంటి నమూనాల్లో చాలా పేరుపొందినవి అమెరికాలోని మార్టిన్ కంపెనీవి. జర్మనీ నుండి వలసవెళ్లిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో న్యూయార్కులో దుకాణం పెట్టాడు. పైపలకకు లోపలివైపు ఇంటూ గుర్తు ఆకారంలో సన్నని బద్దలు అతికించే పద్ధతి 1840లలో వారి గిటార్లలో కనిపిస్తుంది. 1916లో పెద్ద పెట్టె గల 'డ్రెడ్‌నాట్' తయారైంది. అది ఒక బ్రిటిష్ యుద్ధనౌక పేరు. నేటికీ దుకాణాల్లో ఎక్కువగా కనబడే ఆకారం అదే.

కర్ర మాత్రం మారింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై, మార్టిన్ వారు 1969లో భారతదేశపు రోజ్‌వుడ్‌కు మారారు. అదే మన జిట్టేగి. 1992లో బ్రెజిల్ కర్ర అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం దాదాపుగా ఆపివేసింది. కామర్స్ చదివేవారు దీన్ని ముడిసరుకు పాఠానికి ఉదాహరణగా రాసుకోవచ్చు.

ఇక ధర సంగతి. శబ్దం ముఖ్యంగా పైపలక కంపనం వల్ల పుడుతుంది. అది ఒకే చెక్కా, పొరలు అతికించిన ప్లైవుడ్డా అన్నది చూడాలి. ఒకే చెక్క అయితే పైన కనబడే గీతలు గుండ్రని రంధ్రం అంచున మందం లోపలికి కూడా సాగుతాయి.

దుకాణంలో నేను ఇది వివరిస్తుండగానే ఆ తండ్రి వంగి, అంచు మీద వేలు తిప్పాడు. "సారూ, గీతలు లోపటికి పోతలేవు. గిది అద్దిన చద్దరే గద!" అన్నాడు. మన జకార్డు చద్దరు తిరగేస్తే పువ్వు రంగులు మారి వెనుక కూడా కనబడుతుంది. అద్దినదానికి పైనే. గిటారు అంచున మూడు పొరలు స్పష్టంగా ఉన్నాయి.

ప్లైవుడ్ చెడ్డదని కాదు. మన షోలాపూర్ ఎండల పొడిగాలికి ఒకే చెక్క పలక పగిలే భయం ఎక్కువ. నేర్చుకునేవారికి ప్లైవుడ్ చాలు. పేరుకు మాత్రం రెండు వేలు ఎందుకు? అబ్బాయి మామూలుదే తీసుకున్నాడు. మిగిలిన డబ్బులో ఒక సంచి, రెండు జతల తీగలు వచ్చాయి.