అంట్లు తోమెడి యంత్రము

సూర్యాపేట జిల్లాలో తుంగతుర్తి యొక మండల కేంద్రము. అచటి ఇండ్లలో భోజనములు ముగిసిన వెంటనే మరియొక పని ప్రారంభమగును. అన్నము వండిన గిన్నె, పప్పు కాచిన పాత్ర, కూర వేచిన మూకుడు, తినిన కంచములు, త్రాగిన చెంబులు, గరిటెలు అన్నియు పెరటిలోనికి చేరును. వీనినే అంట్లు అందురు. ఆ ప్రాంతపు వాడుకలో బోళ్ళు అనియు అందురు. వండిన చేతిని అందరును మెచ్చుకొందురు. తినువేళ అందరును కూడి కూర్చుందురు. బోళ్ళు తోమువేళ మాత్రము ఒక్కరే మిగులుదురు. ఆ ఒక్కరు చాలవరకు స్త్రీయే.

ఈ పనికి ఎంత కాలము పట్టునో లెక్కించినవారు తక్కువ. ఒక ఇంట దినమునకు 40 పాత్రలు తోమవలసియుండుననియు, ఒక్కొక్కదానికి ఒక నిమిషము పట్టుననియు అనుకొందము. అప్పుడు దినమునకు 40 నిమిషములు; సంవత్సరమునకు 14,600 నిమిషములు, అనగా 243 గంటలకు పైబడిన కాలము. రాత్రింబవళ్ళు ఎడతెగక తోమినను పది దినములకు గాని తీరని పని ఇది. ఇంత పని జరిగినను దాని గురుతు నిలువదు. ఉదయము తళతళ మెరసిన గిన్నె మధ్యాహ్నమునకే మరల అంటగును.

ఈ చాకిరిని తగ్గించుటకు యంత్రమును నిర్మింపదలచినవారు ముందుగా చేతిపనిలోని రహస్యమును గ్రహింపవలెను. మన పెద్దలు బోళ్ళు తోముటకు పొయ్యిలోని బూడిదను వాడుచుండిరి. కట్టెల బూడిదలో పొటాసియము కార్బొనేటు అను క్షారము కలదు. అది జిడ్డును విడదీయును. బూడిదలోని గరుకుదనము మసిని గీకివేయును. ఇత్తడి, రాగి పాత్రలపై పట్టిన చిలుమును చింతపండులోని టార్టారిక్ ఆమ్లము కరగించును. కొబ్బరి పీచు రాపిడి నిచ్చును. అడుగంటిన గిన్నెను ఇల్లాలు వెంటనే తోమదు. నీరు పోసి నానబెట్టును. ఆమె రసాయనశాస్త్రమును చదువకపోయి యుండవచ్చును. కాని ఆ శాస్త్రము ఆమె చేతిలో నున్నది.

1959లో హెర్బర్ట్ సిన్నర్ అను జర్మను నిపుణుడు ఈ విషయమునే ఒక సూత్రముగా వివరించెను. ఏ వస్తువును శుభ్రపరచుటకైనను నాలుగు అంశములు తోడ్పడును. అవి రసాయనము, రాపిడి, వేడిమి, కాలము. వీనిలో ఒకటి తగ్గినచో తక్కినవానిని పెంచి ఆ లోటును పూరింపవలెను. చేతితో తోమునప్పుడు రాపిడి యెక్కువ; వేడిమి తక్కువ, ఏలయన మరుగు నీటిని చేయి ఓర్వలేదు. యంత్రమునకు చేతివంటి రాపిడి లేదు. కాని అది వేడికి వెరవదు, కాలమునకు విసుగదు. అంట్లు తోమెడి యంత్రముల చరిత్రయంతయు ఈ నాలుగింటిని సరితూచుటకు జరిగిన ప్రయత్నమే యని చెప్పవచ్చును.

ఆ ప్రయత్నము మొదట అమెరికాలో ఆరంభమయ్యెను. 1850లో జోయెల్ హౌటన్ అనునతడు ఒక కొయ్య యంత్రమునకు పేటెంటు పొందెను. చేతితో చక్రమును త్రిప్పినచో అది పాత్రలపై నీటిని చిలకరించెడిది. అంతమాత్రమున జిడ్డు వదలలేదు. అతడు నీటిని చల్లించెను గాని దానికి బలము నీయలేకపోయెను.

ఆ బలము నిచ్చినది జోసఫీన్ కాక్రేన్ అను స్త్రీ. ఆమె ఇల్లినాయి రాష్ట్రములోని షెల్బీవిల్ పట్టణమున నివసించుచుండెను. ఆమె యింట మిక్కిలి విలువగల పింగాణి పాత్ర లుండెను. పనివారు కడుగునప్పుడు వాని అంచులు పెట్లుచుండుటచే ఆమె తానే కడుగసాగెను. ఆ పనిలోని విసుగు తెలిసివచ్చిన పిదప, దీనికి యంత్రమేల ఉండగూడదని తలపోసెను. 1883లో భర్త మరణించెను. ఆయన అప్పులను మిగిల్చి పోయెను. అంతవరకు వేడుకగా నున్న ఆలోచన బ్రతుకుదెరువుగా మారెను.

ఆమె చేసిన మొదటి పని పాత్రలను కొలుచుట. కంచముల వెడల్పునకు, గిన్నెల లోతునకు తగినట్లు తీగెలతో అరలను అల్లించెను. ఆ అరలను రాగి తొట్టిలోని చక్రమునకు అమర్చెను. చక్రము తిరుగుచుండగా వేడి సబ్బునీరు ఒత్తిడితో పాత్రలపై చిమ్మబడెను. జార్జి బట్టర్స్ అను పనివాడు ఇంటి వెనుక కొట్టములో ఆమెకు తోడై యంత్రమును రూపొందించెను. 1886 డిసెంబరు 28వ తేదీన ఆమెకు పేటెంటు లభించెను. 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఆ యంత్రమునకు బహుమానము వచ్చెను. హోటళ్ళు దానిని కొనసాగినవి.

అయినను సామాన్యుల ఇండ్లలోనికి అది ప్రవేశింపలేదు. ధర యెక్కువ, దానికి కావలసినంత వేడినీరు ఆనాటి ఇండ్లలో లేదు. 1913లో జోసఫీన్ మరణించునాటికి ఆమె యంత్రము చాలవరకు హోటళ్ళవంటి పెద్ద సంస్థలకే పరిమితమై యుండెను. 1924లో విలియం హోవర్డ్ లివెన్స్ అను ఆంగ్ల ఇంజనీరు ఇంటికి తగిన చిన్న యంత్రమును నిర్మించెను. ముందువైపు తలుపు, లోపల తీగెల అర, తిరుగుచు నీటిని చిమ్మెడి గొట్టము అందు కలవు. నేటి యంత్రముల రూపము అందే కానవచ్చుచున్నది. కాని ఇంటింటను కొళాయి, విద్యుత్తు సమకూరువరకు ఇట్టి యంత్రములు వ్యాప్తి చెందలేదు. పాశ్చాత్య దేశములలోని ఇండ్లలో అవి స్థానము సంపాదించినది రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదపనే.

నేటి యంత్రము పనిచేయు తీరు ఆసక్తికరమైనది. అడుగున కొద్దిపాటి నీరు నిలుచును. పంపు దానిని పైకెత్తి చిమ్ముగొట్టములలోనికి పంపును. గొట్టపు రంధ్రములు కొంచెము ఏటవాలుగా నుండును. నీరు ఒకవైపునకు వెలువడగా గొట్టము రెండవవైపునకు నెట్టబడి తనంత తానే తిరుగును. దానికి వేరుగా మోటారు అక్కరలేదు. క్రిందికి జారిన నీరు వడపోతగుండా పోయి మరల పైకి వచ్చును. ఇట్లు అదే నీరు పలుమారులు పనిచేయుటచే, ఒక పూట అంట్లన్నిటికిని సుమారు 10 లీటర్ల నీరే సరిపోవును. కొళాయి విప్పి ఆ పాత్రలనే కడిగినచో దానికి అనేక రెట్లు వ్యయమగును.

కడుగు పొడిలో క్షారముతోపాటు ఎంజైములును ఉండును. మన లాలాజలములో పిండిపదార్థమును విడగొట్టు అమైలేజు ఉన్నట్లే ఈ పొడిలోను అట్టిదే కలదు. అది గిన్నెకు అంటిన మెతుకును కరగించును. కాని మితిమీరిన వేడిమికి ఎంజైములు నశించును. అందుచే నీటిని ఒక్కుమ్మడిగా మరిగింపక క్రమక్రమముగా వేడిచేయుదురు. కొన్ని యంత్రములు రెండు మూడు గంటలు పనిచేయుట చూచి కొందరు ఆశ్చర్యపడుదురు. కాలమును పెంచి, నీటిని, విద్యుత్తును పొదుపు చేయుటయే దానిలోని కిటుకు.

ఇట్టి యంత్రమును తెచ్చి తుంగతుర్తిలోని ఒక వంటయింట నుంచినచో ఏమగును? మొదటి చిక్కు పాత్రల రూపము. పాశ్చాత్యుల యంత్రము బల్లపరుపు కంచములకై పుట్టినది. మన గిన్నెలు లోతైనవి, చెంబుల మూతులు ఇరుకు, కుక్కరు ఎత్తు. పై అరను ఎత్తుటకు దించుటకు, అరలలోని కడ్డీలను మడుచుటకు వీలుండవలెను. రెండవ చిక్కు అంటు స్వభావము. పోపు మాడిన మూకుడునకు, నీళ్ళ గ్లాసునకు ఒకే బలము చాలదు. క్రింది అరలో వేడిమియు ఒత్తిడియు ఎక్కువగా నుండవలెను. మూడవది లోహము. ఉక్కు పాత్రలకు భయము లేదు. కాని ఇనుప పెనము త్రుప్పుపట్టును, అల్యూమినియము నల్లబడును, ఇత్తడి మెరుగు తగ్గును. వీనిని నేటికిని చేతితో తోముటయే మేలు.

నాలుగవ చిక్కు నీరు. కాల్షియము, మెగ్నీషియము లవణములుగల కఠినజలము గాజుపై తెల్లని మరకలను మిగుల్చును. నీటిని కాచెడి భాగముపై పెళ్ళవలె పేరుకొనును. అందుచే యంత్రములో రెజిను గుళికలు గల చిన్న అర యుండును. ఆ గుళికలు కాల్షియమును పట్టుకొని సోడియమును విడుచును. కొంతకాలమునకు వాని శక్తి ఉడుగగా ఉప్పునీరు పంపినచో మరల తేరుకొనును. బోరు నీటిపై ఆధారపడిన ఊళ్ళలో ఈ అర మిక్కిలి ముఖ్యమైనది. ఇక విద్యుత్తు నడుమ ఆగినచో యంత్రము మొదటినుండి గాక ఆగినచోటినుండి పని సాగింపవలెను. లేనిచో నీరును పొడియు వృథా యగును.

ఈ మార్పులను తలపెట్టుటకు దూరదేశపు ఇంజనీరులే కావలెనా? దానికి సమాధానము తుంగతుర్తికి ఎంతో దూరమున లేదు. 2016 వరకు తుంగతుర్తియు, ఆలేరు సమీపమునగల శారాజీపేటయు ఒకే నల్లగొండ జిల్లాలోనివి. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము చేనేత కుటుంబమున జన్మించెను. పేదరికమువలన చదువు నడుమనే ఆగెను. చీరకు రంగులద్దుటకు ముందు నూలును కొయ్యమేకులచుట్టు పోయుటను ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 మారులు ఆడింపవలెను. తల్లి లక్ష్మి ఈ పనిచే భుజము నొప్పితో బాధపడుచుండెను. కుమారుడు అది చూచి 1992లో యంత్ర నిర్మాణమునకు పూనుకొనెను. అప్పులు, అపజయములు, పరిహాసములు ఎదురైనను విడువక 1999లో దానిని సాధించెను. దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని నామకరణము చేసెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను.

జోసఫీన్ పాత్రలను కొలిచెను; మల్లేశము తల్లి చేతి కదలికలను గమనించెను. ఇద్దరును కళాశాలలో యంత్రశాస్త్రమును అభ్యసించినవారు కారు. నిత్యము కన్నులయెదుట జరుగు పనిని, అందరును చూచియు చూడని పనిని, వారు శ్రద్ధతో చూచిరి. మంచి యంత్రము అట్టి చూపునుండియే పుట్టును.

యంత్రము వచ్చినంతమాత్రమున సమస్యలన్నియు తీరునని భావింపరాదు. 2020లో కరోనా వ్యాధి కాలమున పనివారు రాలేకపోగా నగరములలో ఈ యంత్రములకు గిరాకి పెరిగెను. ఇల్లాలికి అది ఊరట. కాని నాలుగిండ్లలో బోళ్ళు తోమి పిల్లలను పోషించుకొను స్త్రీకి అది భయమే. ఒకరి చేతి నొప్పిని తొలగించునది మరియొకరి నోటి కూటిని తీయకుండునట్లు చూచుట సమాజము యొక్క ధర్మము. ఆమెకు వేరొక పని నేర్చుకొను వీలు కల్పింపక యంత్రమును మాత్రమే పొగడుట న్యాయము కాదు.

ఈ యంత్రము ఇంకను అనేకుల ఇండ్లకు చేరలేదు. అది చేరువరకు ఇంటనున్న చేతులన్నియు పనిని పంచుకొనవచ్చును. తినిన కంచమును తానే కడుగుకొను బాలుడు తల్లికి దినమునకు కొన్ని నిమిషములు మిగుల్చును. అంతేకాదు, బోళ్ళు తోమినవానికే జిడ్డు ఎచట నిలుచునో, నీరు ఎచటికి చేరదో తెలియును. రేపటి యంత్రమును మెరుగుపరచదగినవాడు వాడే.