యంత్రం ఎందుకు ఆగింది?



మీలో చాలామంది రైసుమిల్లు చూసే ఉంటారు. ధాన్యం ఒక వైపు పోస్తే బియ్యం, తవుడు, నూక, ఊక వేరువేరుగా రావడం గమనించే ఉంటారు. అయితే ఆ మిల్లు ఆగిపోయినప్పుడు ఏం జరుగుతుందో చూశారా? చేతిలో స్పానరు, జేబులో టెస్టరుతో ఒక మనిషి వస్తాడు. ఆయనే మెయింటెనెన్సు మెకానిక్కు. ఆయన పనిలో ఎంత సైన్సు ఉందో నాకు బాగా తెలిసివచ్చిన రోజు ఒకటి ఉంది. అది చెబుతాను.

ఆ రోజు తొమ్మిది, పది తరగతుల పిల్లలను వెంటబెట్టుకుని కోరుకొండ చుట్టుపక్కల ఉన్న ఒక మిల్లుకు వెళ్ళాను. మేము వెళ్ళేసరికి మిల్లు ఆగి ఉంది. బయట ధాన్యం లారీ నిలబడి ఉంది. డ్రైవరు తొందరపెడుతున్నాడు. మెకానిక్కు అప్పుడే సైకిలు దిగుతున్నాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఐ.టి.ఐ. చేసి ఈ పనిలో స్థిరపడ్డాడు.

"నమస్కారం మాస్టారూ! పిల్లలను ఆ గీత ఇవతలే నిలబెట్టండి" అన్నాడు మొదటి మాటగా.

మిల్లు గుమాస్తా గారు విషయం చెప్పారు. "నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందయ్యా. రిలే బటను నొక్కి మళ్ళీ వేస్తే మోటారు మూలుగుతోంది కానీ తిరగడం లేదు. మూడుసార్లు వేసి చూశాం. ఆ రిలే ఏదో పాడైనట్టుంది. దాన్ని తీసేసి డైరెక్టుగా కలిపెయ్యి. లారీ ఎదురు చూస్తోంది."

మెకానిక్కు నవ్వి, "రిలే తప్పు చేయలేదండి. తప్పు జరిగిందని చెప్పింది. చెప్పినవాడి నోరు మూసేస్తే ఎలాగండి?" అన్నాడు.

మోటారు మూలుగు ఏమి చెప్పింది?

మోటారు మూలిగి తిరగలేదు అనగానే మెకానిక్కుకు సగం విషయం అర్థమైంది. అది మనకూ అర్థం కావాలంటే మోటారు ఎలా తిరుగుతుందో తెలియాలి.

అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే దగ్గరలోని తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆ సూత్రం మీదనే మిల్లులోని ఇండక్షన్ మోటారు పనిచేస్తుంది. దానికి మూడు తీగల ద్వారా మూడు ఫేజులు వస్తాయి. ఈ మూడింటిలోని విద్యుత్తు ఒకేసారి పెరిగి తగ్గదు, ఒకదాని తరువాత ఒకటి వంతులవారీగా పెరిగి తగ్గుతుంది. అందువల్ల మోటారు లోపలి అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. దాని వెంటబడి మధ్యనున్న ఇరుసు, అంటే రోటరు, తిరుగుతుంది. నికోలా టెస్లా ఇటువంటి తిరిగే క్షేత్రపు మోటార్లకు 1888లో పేటెంట్లు పొందాడు.

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. నాలుగు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 120 × 50 ÷ 4 = 1500 సార్లు తిరుగుతుంది. రోటరు మాత్రం కొంచెం వెనుకబడి సుమారు 1450 సార్లు తిరుగుతుంది. పూర్తిగా అందుకుంటే రోటరులో విద్యుత్తు పుట్టదు, తిప్పే బలమూ ఉండదు!

ఇప్పుడు మూడు ఫేజులలో ఒకటి పోయిందనుకోండి. క్షేత్రం గుండ్రంగా తిరగడం మాని, ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుంది. ఆగి ఉన్న రోటరుకు ఏ వైపు తిరగాలో తెలియదు. కదలక మూలుగుతుంది. అదే తిరుగుతున్న రోటరైతే ఎలాగో తిరుగుతూనే ఉంటుంది. ఒంటికాలితో సైకిలు తొక్కడం గుర్తు చేసుకోండి. వేగంలో ఉన్న సైకిలు సాగుతుంది. ఆగిన సైకిలు పెడలు కింద ఉంటే ఆ కాలితో కదలదు.

కానీ ఒంటికాలికి శ్రమ ఎక్కువ కదా! మోటారుకూ అంతే. ఆ మిల్లు మోటారు 15 హార్సు పవరుది. మూడు ఫేజులూ ఉన్నప్పుడు నిండు బరువు మీద ఒక్కొక్క తీగలో సుమారు 21 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఒక ఫేజు పోతే అదే బరువు లాగడానికి మిగిలిన రెండు తీగలలో సుమారు 1.73 రెట్లు, అంటే 36 ఆంపియర్లు ప్రవహిస్తాయి. వేడి విద్యుత్తు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న జౌల్ నియమం మీకు తెలుసు. 1.73 × 1.73 = 3. ఆ తీగలలో వేడి మూడు రెట్లవుతుంది!

వైండింగ్ తీగ మీద పలుచని వార్నిష్ పూత ఉంటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆ పూత ఆయుష్షు సుమారు సగం తగ్గుతుందని ఇంజనీర్ల లెక్క. అందుకే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉంచుతారు. దానిలో రెండు లోహాల పట్టీ ఉంటుంది. వేడెక్కితే ఒక లోహం ఎక్కువ, ఇంకొకటి తక్కువ వ్యాకోచించి పట్టీ వంగుతుంది. వంగి స్టార్టరును విడదీస్తుంది. గుమాస్తా గారు తీసేయమన్నది ఈ కాపలాదారునే!

వరుసగా ఐదు ప్రశ్నలు

మెకానిక్కు మెయిన్ స్విచ్ ఆపి, మూడు ఫ్యూజు క్యారియర్లూ ఊడదీశాడు. ఒకదానిలో తీగ కరిగి ఉంది. పక్కనున్న కుర్రవాడు వెంటనే లావుపాటి రాగితీగ అందించబోయాడు. మెకానిక్కు దానిని తీసుకోలేదు. క్యారియరును వెలుతురులో పెట్టి, "ఇదిగో చూడండి మాస్టారూ, తీగ మధ్యలో కరగలేదు. స్క్రూ దగ్గర కరిగింది. స్క్రూ నల్లబడింది" అని చూపించాడు.

స్క్రూ వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది. అది 0.1 ఓమ్ అనుకుందాం. 21 ఆంపియర్లకు వేడి ఎంత? 21 × 21 × 0.1 = 44 వాట్లు. ఒక 40 వాట్ల బల్బు వేడి అంతా చిన్న స్క్రూ తల మీద పడినట్లు! విద్యుత్తు ఎక్కువ కాకపోయినా ఫ్యూజు తీగ అక్కడ కరిగిపోయింది.

"మరి స్క్రూ ఎందుకు వదులైంది?" అని మా తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది.

"అదీ ప్రశ్న!" అన్నాడు మెకానిక్కు. స్విచ్‌బోర్డును మోటారు ఉన్న ఇనుప చట్రానికే బిగించారు. చట్రం అదిరితే బోర్డు అదురుతుంది. రోజల్లా అదిరితే స్క్రూలు వదులవుతాయి. మరి చట్రం ఎందుకు అదిరింది? బెల్టు తీసి మోటారు షాఫ్టును చేత్తో తిప్పి చూశాడు. గరగరమని తిరిగింది. బేరింగు అరిగిపోయింది. అదెందుకు అరిగింది? బెల్టు జారుతోందని ఎవరో దానిని మరీ బిగించారు. బిగువు బెల్టు షాఫ్టును పక్కకు లాగుతుంది, ఆ బరువంతా బేరింగు మీదే పడుతుంది. దానికి తోడు ఊక దుమ్ము చేరి గ్రీజు ఎండిపోయింది.

చూశారా? ఫ్యూజులో కనిపించిన దోషం బేరింగులో పుట్టింది. కరెంటు పని మాత్రమే తెలిసినవాడు ఫ్యూజు మార్చి వెళ్ళిపోయేవాడు. నాలుగు రోజులకు మళ్ళీ మిల్లు ఆగేది. అందుకే కర్మాగారాల్లో విద్యుత్తు పని, యంత్రాల పని రెండూ తెలిసిన మెకానిక్కుకు అంత విలువ.

ఎవరో బటను నొక్కారు

బేరింగు మార్చడం మొదలైంది. మెకానిక్కు మోటారు మీదికి వంగి ఉన్నాడు. అతని చేతులు షాఫ్టు మీద ఉన్నాయి. ఒక సహాయకుడు ఎలివేటరు అడుగు గోతిలో దిగి, బక్కెట్ల మధ్య పేరుకున్న దుమ్ము తీస్తున్నాడు. ఇంతలో బయటినుంచి వచ్చిన ఒక కుర్రవాడు, రిపేరు అయిపోయిందనుకున్నాడో ఏమో, మెయిన్ వేసి స్టార్టరు పచ్చ బటను నొక్కేశాడు!

ఏమీ జరగలేదు. మోటారు కదలలేదు.

మెకానిక్కు తల ఎత్తి చొక్కా జేబు తట్టి చూపించాడు. మూడు ఫ్యూజు క్యారియర్లూ అతని జేబులో ఉన్నాయి. పిల్లలెవరూ మాట్లాడలేదు. నా గుండె కాసేపు దడదడలాడింది.

తరువాత అతను తన తప్పు తనే చెప్పాడు. "మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, 'మనుషులు పనిచేస్తున్నారు' అని పలక తగిలించాలి మాస్టారూ. తాళం తేవడం మరిచాను. ఇక మరవను."

పెద్ద కర్మాగారాల్లో ఇది కచ్చితమైన నియమం. స్విచ్ ఆపాలి. తాళం వేయాలి. పలక తగిలించాలి. ఆపిన తరువాత కూడా కరెంటు లేదని టెస్టు చేసి చూసుకోవాలి. ఎన్ని చేతులు పనిచేస్తుంటే అన్ని తాళాలు. తాళంచెవి పనిచేసేవాని జేబులోనే ఉండాలి.

ఈ నియమం తప్పితే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. బ్రిటన్ దగ్గర ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు, సహజవాయువుల వేదిక ఉండేది. 1988 జూలై 6న అక్కడ రెండు పంపులలో ఒకదాని రక్షణ కవాటాన్ని మరమ్మతుకు విప్పి, ఆ చోట తాత్కాలికంగా ఒక మూత బిగించారు. పని పూర్తి కాలేదు. ఆ సంగతి రాత్రి షిఫ్టువారికి సరిగా అందలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వారు మొదటి పంపును నడిపారు. వాయువు లీకై అంటుకుంది. 167 మంది చనిపోయారు. ఆ తరువాత ఇటువంటి పనుల్లో పర్మిటు కాగితం, షిఫ్టు మారేటప్పుడు పని అప్పగింత ఎంత ముఖ్యమో లోకమంతా పాఠంగా చెప్పుకుంది.

వేడి చేసిన బేరింగు

మళ్ళీ మన మిల్లుకు వద్దాం. పాత బేరింగును పుల్లరుతో లాగి తీశారు. దాని మీద 6309 అని ఉంది. చివరి రెండు అంకెలను 5తో గుణించండి. 09 × 5 = 45. అంటే లోపలి రంధ్రం వ్యాసం 45 మిల్లీమీటర్లు. (04 మొదలు పై అంకెలున్న మామూలు బేరింగులకు ఈ లెక్క సరిపోతుంది.)

కొత్త బేరింగు షాఫ్టు మీదికి బిగువుగా ఎక్కాలి. సుత్తితో కొడితే లోపలి గుండ్లు, దారి దెబ్బతింటాయి. అందుకని దానిని నూనెలో సుమారు 100 డిగ్రీల వరకు వేడి చేశాడు. ఉక్కు వ్యాకోచిస్తుంది కదా! 70 డిగ్రీలు పెరిగితే 45 మిల్లీమీటర్ల రంధ్రం 0.04 మిల్లీమీటరు దాకా పెద్దదవుతుంది. ఆ కాస్త చాలు. బేరింగు జారి కూర్చుంది, చల్లారాక బిగుసుకుంది.

తరువాత గ్రీజు పెట్టాడు. నిండా కుక్కలేదు. ఎక్కువైతే గ్రీజు చిలికినట్లయి అదే వేడెక్కుతుంది. ఫ్యూజు స్క్రూ కొత్తది వేసి, సరైన తీగ కట్టాడు. బోర్డును చట్రం మీదినుంచి తీసి గోడకు బిగించాడు. మెగ్గరుతో వైండింగ్ పూత బాగుందని చూసుకున్నాడు. గోతిలోని మనిషి పైకి వచ్చాడని కళ్ళారా చూశాకనే ఫ్యూజులు పెట్టాడు. బెల్టు వేయకముందు ఒక్క క్షణం మోటారు నడిపి చూశాడు. ఎందుకంటే మూడు తీగల్లో ఏ రెండు తారుమారైనా మోటారు వెనక్కు తిరుగుతుంది!

చివరకు పొడవైన స్క్రూడ్రైవరు కొనను బేరింగు గూటి మీద ఆనించి, పిడిని చెవికి పెట్టి విన్నాడు. డాక్టరుగారి స్టెతస్కోపులాగా! ఘనపదార్థాల్లో శబ్దం బాగా ప్రయాణిస్తుంది కదా. "సన్నగా, సమంగా ఉంది మాస్టారూ" అన్నాడు.

గుమాస్తా గారు గోడమీద ఒక కాగితం అంటించారు. గ్రీజు పెట్టిన తేదీ, బెల్టు చూసిన తేదీ, స్క్రూలు బిగించిన తేదీ దానిలో రాయాలట. నా దృష్టిలో ఆనాటి మరమ్మతులన్నింటిలోకీ అదే పెద్దది.

మన చుట్టూ ఈ పని

గోదావరి సీమకు ఈ విద్య కొత్తది కాదు. 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడే, పనిముట్లు తయారు చేయడానికీ బాగుచేయడానికీ అక్కడ వర్క్‌షాపు నడిచింది. 1924లో మొదలైన రాజమహేంద్రవరం కాగితపు మిల్లు, 24 పంపులున్న పట్టిసీమ ఎత్తిపోతల పథకం, మన పొలాల్లోని బోరు మోటార్లు, అన్నిటికీ ఈ చేతులే దిక్కు.

పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు రెండేళ్ళు చదవవచ్చు. ఆ తరువాత కర్మాగారంలో అప్రెంటిస్‌గా పని నేర్చుకోవచ్చు. ఇందుకు 1961 నాటి అప్రెంటిస్ చట్టం వీలు కల్పించింది. ఆడపిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది. "స్క్రూ ఎందుకు వదులైంది?" అని అడిగినది ఎవరో మరచిపోకండి!

చేసి చూడండి

కరెంటు వస్తువులు విప్పవద్దు. సైకిలు చాలు. స్టాండు వేసి వెనుక చక్రం మెల్లగా తిప్పండి. పొడవాటి కర్ర స్కేలు ఒక కొనను ఫ్రేము మీద, ఇరుసుకు దగ్గరగా ఆనించండి. చువ్వలకు, చెయినుకు తగలనీయవద్దు. రెండో కొన చెవి దగ్గర పెట్టి వినండి. నూనె వేయక ముందు, వేసిన తరువాత శబ్దంలో తేడా రాసుకోండి.

ప్రశ్నలు

1. విద్యుత్తు రెట్టింపైతే అదే తీగలో వేడి ఎన్ని రెట్లవుతుంది?
2. మోటారు నిమిషానికి 1450 సార్లు తిరుగుతోంది. దాని పుల్లీ వ్యాసం 15 సెంటీమీటర్లు, యంత్రం పుల్లీ వ్యాసం 30 సెంటీమీటర్లు. బెల్టు జారకపోతే యంత్రం ఎన్నిసార్లు తిరుగుతుంది?
3. 6206 అని రాసిన బేరింగు లోపలి వ్యాసం ఎంత?
4. మీ ఇంట్లో ఈ మధ్య పాడైన వస్తువు ఒకటి తీసుకోండి. "ఎందుకు?" అని వరుసగా ఐదుసార్లు పెద్దలను అడగండి. ఎక్కడ తేలారో రాయండి.

(జవాబులు: 1. నాలుగు రెట్లు. 2. 725 సార్లు. 3. 30 మిల్లీమీటర్లు. నాలుగోదానికి జవాబు మీ దగ్గరే ఉంది.)