అక్షింతల పురుగు: ఆహారాన్వేషణమున గంధసంకేతములు

కోలియోప్టెరా క్రమమున కాక్సినెల్లిడే కుటుంబమునకు చెందిన అక్షింతల పురుగు పేనుబంకను భక్షించి రైతునకు మేలొనర్చునని పాఠ్యపుస్తకములన్నియు చెప్పుచున్నవి గాని, ఆకుల మాటున నణగియుండు నంతటి యల్పప్రాణిని అది యెట్లు కనుగొనునన్న ప్రశ్నయే నిజముగ రసవత్తరమైనది.

దాని చూపు మిక్కిలి దగ్గరి వస్తువులకే పరిమితమగుటచే, దూరమునుండి దారిచూపుటలో స్పర్శశృంగములకు సోకు గంధములకే ప్రాధాన్యము. పేనుబంక రసము పీల్చినపుడు మొక్కలు వెలువరించు మిథైల్ సాలిసిలేట్ అట్టి వానిలో నొకటి. సోయాచిక్కుడు చేలలో ఏడుచుక్కల అక్షింతల పురుగు దీనికి ఆకర్షింపబడుట పరిశోధకులు గమనించిరి.

మఱువరాని మఱొక గంధము పేరు బీటా-ఫార్నెసీన్. శత్రువు పట్టినపుడు పేనుబంక, తన వెనుకభాగముననున్న రెండు సన్నని గొట్టములనుండి చిన్న బిందువును వెలిగ్రక్కును. అందలి యీ ద్రవ్యపు వాసన సోకినంతనే తోడి పురుగులు నోటిసూదిని పెఱికికొని, నడచిపోవును, లేదా ఆకునుండి జారిపడును. స్వజాతిని కాపాడవలసిన యా హెచ్చరికనే అక్షింతల పురుగు స్పర్శశృంగములు సైతము గ్రహింపగలుగుట యెంత దారుణమైన విపర్యయము!

ఆకుపై వ్రాలిన పిదప, పేనుబంక విసర్జించు తేనెవంటి జిగురు అక్షింతల పురుగును అచ్చటనే నిలిపివేయును. ఒక పేనుబంకను తిన్నంతనే నడక మందగించి, మాటిమాటికి మలుపులు తిరుగుచు ఆ చుట్టుప్రక్కలనే వెదకును. ఏలయన పేనుబంక గుంపులుగ నివసించును.

తల్లిపురుగు వివేకము మఱింత గొప్పది. తన జాతి డింభకములు నడచిన జాడలందలి రసాయనములను పసిగట్టి, అచ్చట గ్రుడ్లు పెట్టుటకు వెనుదీయును. 1898లో ఆస్ట్రేలియానుండి మన దేశమునకు తేబడిన క్రిప్టోలీమస్ అను మఱొక అక్షింతల పురుగు మాత్రము పిండినల్లి మైనపుపోగుల నడుమనే గ్రుడ్లు పెట్టును.